మేడ కిటికీ అద్దాలు, మూడడుగుల సందు, ఒక బూజు కర్ర

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: రెండంతస్తుల ఇల్లు, మెట్ల దగ్గర పొడుగాటి కిటికీలు, అద్దాల బయటివైపు దుమ్ము పేరుకుపోయింది, నిచ్చెన ఎక్కడం భయం, మనిషిని పిలిస్తే రేపు మాపు అంటున్నాడు, మనమే చేసుకునే దారి ఏమైనా ఉందా అని. ఉంది. నాలుగేళ్లుగా మా ఇంట్లో నేనే చేసుకుంటున్నాను. కాకపోతే మొదటిసారి చేసిన నిర్వాకం ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామంది అదే చేస్తారు.

మా ఇల్లు తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు. మెట్ల మలుపులో ఉత్తరానికి ఒక కిటికీ ఉంది. పక్కింటివాళ్లది ఒకే అంతస్తు కాబట్టి రాత్రిపూట అందులోంచి కొండ మీద గాలిగోపురం లైట్లు కనిపిస్తాయి. ఇల్లు కట్టేటప్పుడు మా మామయ్య పట్టుబట్టి పెట్టించిన కిటికీ అది. రెండు ఎండాకాలాలు గడిచేసరికి ఆ లైట్లు కాస్తా పసుపు మరకలా కనిపించడం మొదలైంది.

నిచ్చెన వేద్దామంటే రెండిళ్ల మధ్య సందు మూడడుగులే. నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా జరిగి నిలబడాలి. పద్నాలుగు అడుగుల ఎత్తుకు ఆనించాలంటే కింద మూడున్నర అడుగుల జాగా కావాలి. అంతకన్నా నిటారుగా వేస్తే మనిషితో సహా వెనక్కి వస్తుంది. మా ఆయన ఎక్కుతానన్నాడు, నేను వద్దన్నాను. సరేనని కింద సందులో నిలబడి, బోరు మోటారు వేసి, పైపు మూతి బొటనవేలితో నొక్కిపట్టి అద్దాల మీదికి నీళ్లు కొట్టాను. దుమ్మంతా ధారలు కట్టి దిగిపోయింది. సాయంత్రం చూస్తే అద్దం తళతళలాడుతోంది. భలే సులువుగా అయిపోయిందే అనుకున్నాను.

పొద్దున్నే ఎండ పడ్డాక చూస్తే అద్దం నిండా తెల్ల చుక్కలు. పై నుంచి కిందికి చారలు. మా అత్తమ్మ మెట్లు దిగుతూ ఆగి, "ఏందమ్మా, అద్దానికి సున్నం కొట్టినావా?" అని ఒకటే నవ్వు.

ఆమె ఎగతాళిగా అన్నా నిజం అదే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీరు ఆవిరైపోతుంది, ఆ సున్నం లాంటి పొర అద్దం మీద మిగిలిపోతుంది. దుమ్మైతే గుడ్డతో తుడిస్తే పోతుంది, ఇది పోదు. అందుకే నా లెక్కలో మీ అసలు సమస్య ఎత్తు కాదు, నీళ్లు. ఎత్తుకు కర్ర ఉంది. నీళ్లు అద్దం మీద ఆరిపోకుండా చూసుకోవడమే పని.

ముందు కిటికీ రకం చూసుకోండి. స్లైడింగ్ కిటికీ అయి, గ్రిల్ బయటివైపు ఉంటే మీరు అదృష్టవంతులు, కర్ర కూడా అక్కర్లేదు. రెక్కను రెండు పక్కలా పట్టుకుని పైకెత్తితే పై గాడిలోకి వెళ్తుంది, కింది అంచు గాడి దాటి లోపలికి వచ్చేస్తుంది. కొన్నిటికి రెక్క లేవకుండా పైన చిన్న అడ్డు బిగించి ఉంటారు, ముందు దాని స్క్రూ విప్పాలి. లోపలి గాడిలోని రెక్క మొదట, దాని వెనక బయటి గాడిలోది. ఒక్కరే చేయకండి. అయిదు మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు పన్నెండున్నర కిలోలు తూగుతుంది. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు రెక్క అంటే అద్దమే తొమ్మిది కిలోల పైన, ఫ్రేము అదనం. మేం పాత దుప్పటి పరిచి, దాని మీద గోడకు ఆనించి కడుగుతాం. గ్రిల్ లోపలుండి అద్దాలు బయటున్న కిటికీ అయితే మాత్రం రెక్క జోలికి పోవద్దు, చేయి జారితే నేరుగా సందులోనే పడుతుంది.

రెక్కలు తీసినప్పుడే కింది గాడి కూడా చూడండి. బయటి అంచున నీళ్లు పోవడానికి సన్నటి రంధ్రాలు ఉంటాయి. అవి దుమ్ముతో మూసుకుపోతే వాన నీరు ఇంట్లోకి వస్తుంది. 2021 నవంబరు వానలకు మా పడగ్గది అలాగే తడిసింది. కిటికీలో ఏదో లోపముందని కార్పెంటర్‌ను పిలవబోయాం కూడా. అగరుబత్తి పుల్లతో పొడిస్తే నల్లటి బురద ముద్ద బయటికొచ్చి నీళ్లు బడబడా దిగిపోయాయి.

ఇక రెక్క తీయలేనివి, మా మెట్ల కిటికీ లాంటివి. దీనికి నా పనిముట్టు బూజు కర్ర. గదుల్లో మూలలు దులుపుకునే, సాగదీస్తే పొడుగయ్యే కర్రే. దాని కుచ్చు తీసేసి, ఫ్లాట్ మాప్ తల బిగించాను. నేల తుడిచే మాప్‌కు అటూ ఇటూ తిరిగే పలక ఉంటుంది చూడండి, అది. మొదట కారు అద్దాల రబ్బరు వైపర్ కట్టి చూశాను. ఇరుకు సందులో కర్ర దాదాపు గోడకు సమాంతరంగా నిలబడుతుంది కాబట్టి వైపర్ రబ్బరు అద్దానికి ఆనలేదు, ఒక కొన మాత్రమే గీసుకుంటూ పోయింది. మాప్ పలక మడత పడి అద్దానికి అతుక్కుంటుంది. కర్రకూ దానికీ కుదరని చోట సైకిల్ ట్యూబ్ ముక్కను సాగదీసి గట్టిగా చుట్టాను. టేపులు తడికి ఊడిపోయాయి, ట్యూబు ముక్క నాలుగేళ్లుగా అలాగే ఉంది.

పని వరస ఇలా పెట్టుకున్నాను. ముందు పొడి గుడ్డతో దుమ్ము దులిపేస్తాను. తడి తగలకముందే ఎంత దులిపితే అంత మేలు, లేకపోతే అది బురదై మూలల్లోకి చేరుతుంది. తర్వాత అర బకెట్ నీళ్లలో ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్. ఎక్కువ పోస్తే నురగే తప్ప ఉపయోగం లేదు, పైగా జిడ్డు పొర మిగులుతుంది. మైక్రోఫైబర్ గుడ్డను ముంచి, బొట్టు కారనంతగా పిండి, పై నుంచి కిందికి తుడుస్తాను. వెంటనే ఇంకో గుడ్డ, ఈసారి ఆర్‌ఓ మిషన్ నుంచి పట్టిన తాగే నీళ్లలో తడిపి పిండినది. లోటాడు నీళ్లు చాలు. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి ఆరినా చుక్కలు పడవు. పొదుపు అని మిషన్ బయటికి వదిలే వృథా నీళ్లు మాత్రం వాడకండి, లవణాలన్నీ చేరేది అందులోనే. చివరగా పొడి గుడ్డ. మూడు గుడ్డలు మార్చుకుంటూ ఒక కిటికీకి ఇరవై నిమిషాలు. మెడ మాత్రం పట్టేస్తుంది, మధ్యలో కాఫీకి ఆగండి.

ఎండ పడే వేళ వద్దు. తూర్పు కిటికీలు మధ్యాహ్నం తర్వాత, పడమటివి పొద్దున్న. మా ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో అయితే ఆరున్నరకే మొదలుపెట్టాలి, లేదంటే తుడిచేలోపే తడి ఆరిపోయి చారలు నిలబడతాయి.

ఇప్పటికే పడ్డ తెల్ల మరకలకు వెనిగర్, నీళ్లు సగం సగం. అందులో తడిపిన గుడ్డను అద్దానికి పది నిమిషాలు ఆనించి ఉంచాలి. కర్ర పైకెత్తి పది నిమిషాలు ఎవరు నిలబడతారు? నేను గుడ్డ వెడల్పుగా తడిపి అద్దానికి అతికించినట్టు ఒత్తి వదిలేస్తాను. ఒక్కోసారి పడిపోతుంది, మళ్లీ ఎత్తుతాను. మా సున్నం వదలడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఇక్కడ ఒక జాగ్రత్త. కిటికీ గడప కడప రాయి అయితే వెనిగర్ దాని మీద కారనివ్వకండి. అది సున్నపురాయి జాతి, పులుపు తగిలిన చోట నునుపు పోయి తెల్లబడుతుంది. మాకు ఒక మూల అలాగే మచ్చ పడింది, పూలకుండీ పెట్టి దాచాను. బాత్రూం యాసిడ్ అయితే అసలు వద్దు, అల్యూమినియం ఫ్రేమును తినేస్తుంది.

ఆన్‌లైన్‌లో దొరికే అయస్కాంతం క్లీనర్ కూడా కొన్నాను. లోపల ఒక ముక్క, బయట ఒక ముక్క, మనం లోపల జరుపుతుంటే బయటిది వెంట వస్తుంది. చేయి బయటికి వెళ్లే కిటికీకి బాగుంది. అద్దం మందానికి సరిపోయేది కొనాలి. మాది పలుచటి అద్దం, క్లీనరేమో మందమైన అద్దానిది, అతుక్కుని కదలనే లేదు. ఇసుక రేణువు ఇరుక్కుంటే గీత పడుతుంది. బయటి ముక్కకున్న తాడు మణికట్టుకు చుట్టుకోకుండా మొదలుపెట్టొద్దు. ఇప్పుడది ఫ్రిజ్ మీద ఉంది.

బాత్రూం వెంటిలేటర్ అద్దపు పలకలకు వంటింటి పట్టకారు చాలు. రెండు కాళ్లకూ గుడ్డ చుట్టి, పలకను మధ్యలో పట్టి లాగితే రెండు వైపులూ ఒకేసారి తుడుచుకుంటాయి.

రెండు విషయాలు మాత్రం గట్టిగా చెబుతాను. స్టీలు, అల్యూమినియం కర్ర ఎత్తే ముందు స్తంభం నుంచి ఇంటికొచ్చే వైరు ఎటు పోతుందో చూసుకోండి. దగ్గరలో ఉంటే ఆ కిటికీ వదిలేయండి, ప్లాస్టిక్ పైపైనా తడిస్తే నమ్మడానికి లేదు. సన్‌షేడ్ మీద కాలు పెట్టి చేసేద్దాం అనే ఆలోచన వస్తుంది, అందరికీ వస్తుంది. అది వాన ఆపడానికి కట్టింది, మనిషి నిలబడటానికి కాదు. దాని అడుగున కందిరీగల గూడు ఉందేమో కూడా కర్ర ఎత్తకముందే తొంగి చూడండి. నేను చూడలేదు, ఆ రోజు అద్దం సగమే తుడిచి ఇంట్లోకి పరుగెత్తాను.

మీ గ్రిల్ లోపలివైపు ఉందా, బయటా? కింద నిలబడటానికి జాగా ఎంత ఉంది? అది రాస్తే ఏ పద్ధతి కుదురుతుందో చెబుతాను. మా ఇంట్లో కూడా పక్కింటి రేకుల షెడ్డు మీదికి తెరుచుకునే కిటికీ ఒకటి ఇంకా నాకు లొంగలేదు. దానికి ఎవరి దగ్గరైనా ఉపాయం ఉంటే నాకూ చెప్పండి.