గలాక్తోబూరెకో అడుగు ముద్దకాకుండా ఉండాలంటే

నమస్కారమండీ. మెల్‌బోర్న్‌లో మీ గ్రీకు కోడలి నామదినానికి (తన పేరుగల సెయింట్ పండుగ రోజుకి), వాళ్ల అమ్మమ్మ చేతిరాత కాగితం చూసి గలాక్తోబూరెకో, అంటే పల్చని పిండి పొరల మధ్య కస్టర్డ్ పెట్టి కాల్చి పాకం పోసే గ్రీకు మిఠాయి, చేస్తే పై పొరలు కరకరలాడినా అడుగు తడిసి ముద్దయిందని రాశారు. వేడి పేస్ట్రీ మీద వేడి పాకం పోశానన్నారు కదా, ప్రధాన కారణం అదే. రెండూ వేడిగా ఉన్నప్పుడు లోపలి ఆవిరి, పాకం కలిసి ఫిలో (కాగితంలా పల్చని పిండి రేకు) పొరలను నానబెడతాయి. అందువల్ల పంచదార, నీళ్లు, నిమ్మతొక్క, దాల్చినచెక్కతో పాకాన్ని ముందుగానే కాచి పూర్తిగా చల్లార్చి, ఓవెన్‌లోంచి తీసిన వెంటనే గరిటెతో కొద్దికొద్దిగా పోయండి. ఆ తర్వాత మూత మాత్రం పెట్టకండి.

పాలు, గుడ్లు, సన్నరవ్వతో చేసే కస్టర్డ్ పలుచగా ఉన్నా ఇదే ఇబ్బంది వస్తుంది. లీటరు పాలకు సుమారు 150 గ్రాముల రవ్వ వేసి, గరిటె జాడ నిలిచేంత చిక్కబడేదాకా కలుపుతూ ఉడికించండి. పొరలకు మామూలు వెన్న కంటే నీరు ఇంకిపోయిన నెయ్యి మేలు, అది మన వంటింట్లో ఎలాగూ ఉంటుంది. అయితే బాగా ఎర్రగా కాచిన నెయ్యి వాసన నిమ్మ పరిమళాన్ని మింగేస్తుంది కనుక లేతగా కాచినది వాడండి. ట్రేను ఓవెన్ కింది అరలో పెట్టి, 180 డిగ్రీల సెల్సియస్ వద్ద పైభాగం బంగారు రంగుకు వచ్చేవరకు, ఇంచుమించు 50 నిమిషాలు కాల్చండి.

కాగితంలో గ్లాసు కొలతలే ఉన్నాయన్నారు. ఆ గ్లాసు వియ్యపురాలి గారింట్లో ఇంకా ఉంటే, అందులో ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు పడతాయో కొలిచి కాగితం అంచున రాసిపెట్టమని కోడలికి చెప్పండి.