పెరటి ప్రశ్నలు: మంచు కరగకముందే మిరప నారు

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, ఈ శీర్షికకు ఉత్తరాలన్నీ ఇంట్లో పోసే నారు మీదే వస్తాయి. బయట మోకాలి లోతు మంచు, లోపల కిటికీ గట్టు మీద పెరుగు డబ్బాలు! ఈసారి వచ్చినవాటిలో నలుగురికీ పనికొచ్చేవి ఏరాను. ఒకటే సంగతి అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. మీ ఊరి పేరు కనిపించకపోతే జవాబు రాయలేదనుకోకండి, పక్కవాళ్ల ఉత్తరంలో వెతుక్కోండి.

అమ్మా, మాది గుంటూరు జిల్లా. ఊహ తెలిసినప్పటి నుంచీ మిరప సేద్యమే. సంక్రాంతి వెళ్లాక అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చాం. వాడు ట్రేలో మట్టి పోసి, మిరప గింజలు వేసి, హాల్లో కిటికీ దగ్గర పెట్టాడు. రెండు వారాలు దాటినా ఒక్క మొలక లేదు. మా నారుమళ్లలో అయితే వారం, పది రోజుల్లో పచ్చగా కనపడుతుంది. గింజ చచ్చిందని నేనంటాను, ఓపిక పట్టమని వాడంటాడు. ఎవరి మాట నిజం?

బాబాయి గారూ, మిరప నారు గురించి మీకు చెప్పేంతటిదాన్ని కాను. మాదీ తెనాలి పక్కనే కాబట్టి చనువుగా అంటున్నాను: గింజను అనకండి, అబ్బాయినీ అనకండి. తప్పంతా ఆ కిటికీది.

మీరు నారు పోసేది జూలై, ఆగస్టుల్లో. అప్పుడు మన నేల రాత్రి కూడా వెచ్చగానే ఉంటుంది. మిరప గింజ చురుగ్గా మొలవాలంటే మట్టి వేడి 80 నుంచి 85 ఫారెన్‌హీట్ ఉండాలి, అంటే మన లెక్కలో 27 నుంచి 29 డిగ్రీలు. ఇక్కడ ఇంట్లో హీటరు 68 మీద పెట్టుకుంటాం. రాత్రి దుప్పట్లు కప్పుకుని ఇంకా తగ్గిస్తాం. కిటికీ అద్దం పక్కన అంతకన్నా చల్లన. పైగా తడిమట్టి ఆరుతూ ఉంటుంది కాబట్టి గదికన్నా అదే చల్లగా ఉంటుంది. అబ్బాయి ట్రేలో మట్టి తెల్లవారుజామున 60కి దిగిపోతోందని నా అనుమానం. ఆ చలిలో మిరప మొలవడానికి మూడు వారాలు దాటుతుంది. ఈలోపు సగం గింజలు మట్టిలోనే కుళ్లిపోతాయి. వంటింట్లో థర్మామీటరు ఉంటే ట్రేలో గుచ్చి చూడండి, మీ ఇద్దరి తగువూ తీరుతుంది.

నారు కోసమే అమ్మే హీట్ మ్యాట్లు ఉన్నాయి, ఒకటి కొంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. కొనడం దేనికి అనుకుంటే, చలికాలంలో ఇడ్లీ పిండి పులవడానికి కోడలు ఓవెన్‌లో లైటు వేసి పెడుతుంది కదా, అదే చోటు. ఓవెన్ వెలిగించరు, లైటు మాత్రమే. లోపల 90 దాటకుండా చూసుకుని, దాటితే తలుపు కాస్త తెరిచి ఉంచండి. ఓవెన్ మీటల మీద ‘లోపల నారు ఉంది’ అని కాగితం అంటించడం మాత్రం మరవకండి. సాయంత్రం ఎవరో పిజ్జా వేడి చేద్దామని మీట తిప్పితే అంతే సంగతులు. ఇన్‌స్టంట్ పాట్‌లో పెరుగు మీట నొక్కి పెడతామని కొందరు రాశారు. వద్దు, అది మరీ వేడి.

గింజ సంగతి తేలాలంటే పది గింజలు తడి పేపర్ టవల్‌లో మడిచి, జిప్ కవర్లో పెట్టి, అదే వెచ్చటి చోట ఉంచండి. పది రోజుల్లో ఏడెనిమిది మొలిస్తే గింజ మంచిదే. రెండో మూడో మొలిస్తే పాత గింజ. మిరప గింజ మామూలుగా దాస్తే రెండు మూడేళ్లకు మించి నమ్మలేం.

మొలక కనబడ్డ రోజే ట్రేని వెచ్చదనం నుంచి తీసి వెలుతురు కిందికి మార్చాలి. ఆ తర్వాత పగలు 70 చాలు, రాత్రి ఇంకాస్త తగ్గినా నారుకు మంచిదే.

అక్కా, టమాటా మొలకలు భలే వచ్చాయి అనుకునేలోపే నాలుగు అంగుళాలు సాగి, కిటికీ వైపు వంగి, పడిపోతున్నాయి. దక్షిణం కిటికీయే, ఎండ బాగానే పడుతుంది. ఎరువు వెయ్యనా? – మిషిగన్

ఎరువు వద్దు, వెలుతురు కావాలి. ఫిబ్రవరిలో మీ దగ్గర పగలు పదకొండు గంటలు కూడా ఉండదు. అందులోనూ మబ్బు రోజులే ఎక్కువ. మనకు హాలు వెలుగ్గా కనబడుతుంది కానీ మొలకకు అది చీకటి కిందే లెక్క.

హార్డ్‌వేర్ షాపులో నాలుగడుగుల ఎల్‌ఈడీ షాప్ లైటు, తెల్లని వెలుతురుది, దొరుకుతుంది. ఊదా రంగు ఖరీదైన లైట్లు అక్కర్లేదు. గొలుసుతో వేలాడదీసి, మొక్క కొసకు నాలుగైదు అంగుళాల ఎత్తులో ఉంచండి. మొక్క పెరిగేకొద్దీ పైకి లాగండి. రోజుకు 14 నుంచి 16 గంటలు వెలగాలి, టైమరు పెట్టేస్తే మీరు మరిచినా అది మరవదు. రాత్రంతా వేసి ఉంచకండి. దానికీ నిద్ర కావాలి.

సాగిపోయినవాటిని పారెయ్యకండి. టమాటా కాండం మట్టిలో ఎంత దిగితే అంత వేరు వేస్తుంది. పెద్ద కప్పులోకి మార్చేటప్పుడు బీజదళాల దాకా, అంటే మొలకకు మొట్టమొదట వచ్చే జంట ఆకుల దాకా పాతెయ్యండి. మిరపకు, వంగకు ఈ వెసులుబాటు అంతగా లేదు.

ఆంటీ, నిన్న నిక్షేపంలా ఉన్న వంగ మొలకలు పొద్దున్నకి మట్టి దగ్గర సన్నగా దారంలా అయిపోయి వాలిపోయాయి. మట్టి మీద తెల్లటి బూజు కూడా ఉంది. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను. – నేపర్‌విల్, ఇల్లినాయ్

ఆ రెండు పూటల నీళ్లే అమ్మా. దీన్ని మన రైతులు నారుకుళ్లు అంటారు. తడీ, చల్లదనం, గాలి ఆడకపోవడం మూడూ కలిస్తే మట్టిలోని శిలీంధ్రం కాండాన్ని మొదట్లోనే కొరికేస్తుంది. వాలిన మొలక మళ్లీ లేవదు. వాటిని మట్టితో సహా తీసి బయట పారేసి, మిగతావి కాపాడుకోండి.

ట్రే మీద మూత ఉంటే తీసెయ్యండి. మొలక వచ్చాక మూతతో పనిలేదు. చిన్న ఫ్యాను మెల్లగా, ఆకు కదిలీ కదలనట్టు తిరగనివ్వండి. నీళ్లు పైనుంచి కాదు, కింద పళ్లెంలో పోసి, అరగంట తాగనిచ్చి, మిగిలింది వంచెయ్యండి. పైమట్టి ఆరిన రంగు వచ్చేదాకా మళ్లీ చుక్క వద్దు. వచ్చేసారి పెరటి మట్టి జోలికి పోకుండా, దుకాణంలో అమ్మే సీడ్ స్టార్టింగ్ మిక్స్ గాని, కొబ్బరి పొట్టులో పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలిక గుళికలు) కలిపి గాని వాడండి. వాటిలో బలం ఉండదు కాబట్టి అసలు ఆకులు రెండు వచ్చాక ద్రవ ఎరువు, డబ్బా మీద రాసినదాంట్లో సగానికి పలచన చేసి, వారానికోసారి. మట్టి మీద దాల్చినచెక్క పొడి చల్లితే పోతుందని కొందరు చెబుతారు. నేనైతే ఆ పొడిని బిర్యానీకే ఉంచుకుంటాను.

నమస్తే అండీ. బీర, సొర, బెండ, దోస, గోంగూర, చిక్కుడు అన్నీ ఒకేసారి మార్చి మొదట్లో ట్రేలో వేసేద్దామనుకుంటున్నాం. ఒక పని అయిపోతుంది కదా. – ప్రిన్స్‌టన్ దగ్గర

ఒక పని అవదండీ, పది పనులవుతాయి. మార్చిలో వేసిన సొర ఏప్రిల్ చివరికల్లా మీ కర్టెన్ రాడ్‌కి పాకుతుంది. బయట మాత్రం ఇంకా చలి.

మన న్యూజెర్సీలో మంచు భయం మే రెండో వారానికి తీరుతుంది. ఇక్కడివాళ్లు మదర్స్ డే వెళ్లాక టమాటా నాటతారు. మిరప, వంగ ఇంకా చలిపిరికివి. రాత్రి 55కి తగ్గదని తేలాక, అంటే మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే ప్రాంతంలో నాటితేనే పుంజుకుంటాయి. అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మిరప, వంగ నాటడానికి పది, పన్నెండు వారాల ముందు, టమాటా ఆరు, ఎనిమిది వారాల ముందు. మా ఇంట్లో పండగల లెక్క: శివరాత్రి వెళ్లాక మిరప, వంగ, ఉగాదికి టమాటా. తిథులు ఒక్కో ఏడు ముందూ వెనకా అవుతాయి, అంచనాకు చాలు. గోంగూర ఏప్రిల్ మధ్యలో. బీర, సొర, దోస, బెండ ఏప్రిల్ ఆఖరి వారం దాకా ముట్టుకోవద్దు. వీటికి వేరు కదిపితే కోపం. ట్రేలో కాకుండా ఒక్కో కప్పులో ఒక్కో గింజ వేసి, మట్టిగడ్డ చెదరకుండా దించాలి. అడుగున కన్నాలు పొడిచిన పెరుగు డబ్బా దీనికి దివ్యంగా ఉంటుంది. బీర, సొర గింజల పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి వెయ్యండి. మెంతి, కొత్తిమీరకు ఇంట్లో పనే లేదు. ఏప్రిల్‌లో బయటే చల్లుకోవచ్చు. తోటకూర కూడా బయటే, కాకపోతే మే చివర్లో.

ఇక చిక్కుడు. ఏటా ఎవరో ఒకరు రాస్తారు: పందిరంతా అల్లుకుంది, ఒక్క పూత లేదు అని. మన పాతకాలపు తీగ చిక్కుడు పగలు తగ్గితేనే పూస్తుంది. ఊళ్లో అది చలికాలపు కాపు, సంక్రాంతికి కాయలు కోసుకునేవాళ్లం గుర్తుందా? ఇక్కడ జూన్, జూలైలో పగలు పదిహేను గంటలు. సెప్టెంబరు చివర్లో పగలు తగ్గి అది పూత మొదలుపెట్టేసరికి, అక్టోబరులో మంచు పడి మాడిపోతుంది. ఎంత ముందు నారు పోసినా లాభం లేదు. పగటి నిడివి పట్టించుకోని పొట్టి రకాలు వెతకండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా జయ్, అర్కా విజయ్ అలాంటివే. గోంగూరదీ ఇదే గుణం, కాకపోతే అక్కడ మనకు లాభం. పూత రాక, చలి పడేదాకా ఆకే ఇస్తుంది.

డాలస్‌లో ఉంటాం. న్యూజెర్సీ లెక్కలు మాకు పనికొస్తాయా?

పనికిరావు. మీకు మార్చి మధ్యకే మంచు భయం దాదాపు తీరిపోతుంది. మీ శత్రువు చలి కాదు, ఎండ. రాత్రి వేడి 75 దాటాక టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. కాబట్టి మీరు జనవరిలోనే నారు పోసి, మార్చి చివరికి నాటి, జూన్ లోపు కాయలు కోసుకోవాలి. ఇప్పుడు ఫిబ్రవరిలో మొదలుపెడితే ఆలస్యమే. ఈ ఏటికి నర్సరీలో మొక్కలు కొనుక్కోండి. చిన్నతనమేం లేదు. జూన్‌లో మళ్లీ టమాటా గింజలు వేసి, జూలైలో నాటితే శరదృతువు కాపు వస్తుంది. వేసవంతా బెండ, గోంగూర, తోటకూర, బీర మీ ఎండకు సంబరపడతాయి, వాటికి నారు కూడా అక్కర్లేదు.

అమ్మ ఏప్రిల్‌లో వస్తోంది. భాగ్యమతి వంగ, ఊరి బీర గింజలు సూట్‌కేసులో వేసుకు రమ్మననా? – ఎడిసన్

వద్దు తల్లీ. నాటుకునే విత్తనాలు ఈ దేశంలోకి తేవాలంటే చీడపీడలు లేవని అక్కడి అధికారులిచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. అది లేకుండా తెచ్చి, కస్టమ్స్ వాళ్లకు చెప్పకుండా దొరికితే జరిమానా. చెబితే జరిమానా ఉండదు గాని గింజలు తీసేసుకుంటారు. ఇరవై గంటల ప్రయాణం చేసి వచ్చిన పెద్దావిడను ఆ వరసలో నిలబెట్టడం దేనికి? మన కూరగాయల గింజలు ఇక్కడే అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, ఇండియన్ స్టోర్లలో ఈ నెలలోనే ప్యాకెట్లు పెడతారు. ప్యాకెట్ మీద ఏ ఏటివో చూసి కొనండి.

ఎండు మిరపకాయల గింజలు వేస్తే వస్తాయా అని కూడా అడిగారు. ఎండలో ఆరబెట్టిన కాయ అయితే వస్తాయి, మిషన్ వేడిలో ఎండితే కష్టం. తల్లి కాయ హైబ్రిడ్ అయితే పిల్ల మొక్కకు అదే కాయ వస్తుందని పూచీ లేదు. వంటింటి ధనియాలు మాత్రం నిశ్చింతగా వెయ్యండి, రెండు బద్దలుగా నలిపి.

ఆంటీ, పోయిన మేలో చక్కటి నారు బయట పెట్టిన రోజే ఆకులు తెల్లగా పాలిపోయాయి. – బోస్టన్

ఇంట్లో లైటు కింద పెరిగిన ఆకు, నేరుగా ఎండ తగిలితే మాడిపోతుంది. నాటడానికి వారం, పది రోజుల ముందు నుంచి అలవాటు చెయ్యాలి. మొదట గంటసేపు నీడలో, తర్వాత పొద్దుటెండలో, రోజూ కాస్త పెంచుతూ. గాలి ఎక్కువున్న రోజు బయటికి వద్దు. శనాదివారాలు కలిసొచ్చేలా మొదలుపెడితే ఆఫీసు ఉన్నవాళ్లకు సుళువు.

మిరప గింజలు మొలుస్తాయో లేదోనని అరవై వేశాను. అన్నీ మొలిచాయి. పీకాలంటే మనసు రావట్లేదు. – ఎక్కడి నుంచో రాయలేదు

నలుగురున్న ఇంటికి ఆరు మిరప మొక్కలుంటే కూరకీ, పచ్చడికీ, చల్లమిరపకాయలకీ సరిపోతాయి. ట్రేలో ఒక్కో గడిలో బలమైనది ఒకటి ఉంచి, మిగతావి చిన్న కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది. అంతగా మనసు రాకపోతే ఒక పాతిక కప్పుల్లోకి మార్చి పంచిపెట్టండి. మన గుడి దగ్గర, పిల్లల తెలుగు బడి దగ్గర మేలో మిరప నారు వద్దనేవాళ్లు ఉండరు. ఇచ్చేముందు ఏ రకమో చీటీ గుచ్చండి. బజ్జీ మిరప అనుకుని తీసుకెళ్లిన ఇంట్లో ఘాటు మిరప కాస్తే, శ్రావణ శుక్రవారం పేరంటంలో ఆ మాట మీరే పడాలి. చీటీ మీద పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఎండకు వెలిసిపోతుంది.