పాత కంప్యూటర్ ఆన్ కాకపోతే అందులోని ఫైళ్లు తీసుకోవచ్చా?

చాలావరకు తీసుకోవచ్చు. కంప్యూటర్ ఆన్ కానంత మాత్రాన హార్డ్ డిస్క్ పాడైనట్టు కాదు; చెడిపోయింది పవర్ సప్లై గానీ మదర్‌బోర్డు గానీ అయి ఉండవచ్చు. డిస్క్‌ను బయటికి తీసి కనెక్టర్‌ను చూడండి: రెండు వరుసల్లో పిన్నులుంటే ఐడీఈ అనే పాత రకం, ఎల్ ఆకారపు సన్నని గాడులుంటే సాటా అనే కొత్త రకం. తగిన యూఎస్‌బీ అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు కలిపితే ఫైళ్లు సాధారణంగా కనిపిస్తాయి. అయితే డెస్క్‌టాప్‌లో వాడే 3.5 అంగుళాల డిస్క్‌కు 12 వోల్టుల విద్యుత్తు కూడా కావాలి కాబట్టి, విడిగా పవర్ అడాప్టర్ ఉన్నదే తీసుకోవాలి. ఫార్మాట్ చేయమని విండోస్ అడిగితే ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. డిస్క్ నుంచి టకటకమని శబ్దం వస్తుంటే వెంటనే ఆపేసి డేటా రికవరీ నిపుణులకు అప్పగించండి. డిస్క్‌ను ఇంకా తిరగనిస్తే, సమాచారాన్ని చదివే హెడ్ అనే భాగం, సమాచారం ఉండే పళ్లెం ఉపరితలాన్ని గీకి, మిగిలిన సమాచారం కూడా దక్కకుండా పోయే ప్రమాదముంది.