సిగరెట్ తాగేవాళ్లకి చిగుళ్ల నుంచి రక్తం రాకపోతే చిగుళ్లు బాగున్నట్టేనా?

పదేళ్లుగా రోజుకి ఏడెనిమిది సిగరెట్లు, పళ్ల మీద మరకలు తప్ప ఇబ్బందేమీ లేదు, బ్రష్ చేస్తే రక్తం కూడా రాదు, క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయని ఇంట్లో వద్దంటున్నారు, పోనీ బీడీ, చుట్ట అయితే నయమా అని అడిగారు కదండీ. మరకల సంగతి వదిలేయండి, అవి క్లీనింగ్‌తో చాలావరకు పోతాయి. నాకు భయమేసింది ఆ రక్తం రావట్లేదు అన్న మాట దగ్గర, ఎందుకంటే మా నాన్నగారు కూడా ఏళ్ల తరబడి అదే మాట అనేవారు.

మామూలుగా చిగురు పాడవడం మొదలైతే ఎర్రబడుతుంది, వాస్తుంది, బ్రష్ తగిలితే రక్తం వస్తుంది, అది చూసే కదా మనం డాక్టర్ దగ్గరికి పోయేది. సిగరెట్లో ఉండే నికోటిన్ చిగుళ్లలో సన్నటి రక్తనాళాల్ని బిగుసుకుపోయేలా చేస్తుంది, దాంతో లోపల ఎంత చెడిపోతున్నా పైకి చిగురు గట్టిగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది గానీ రక్తం పెద్దగా రాదు. అదే టైంలో సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల రక్తకణాలు కూడా సరిగ్గా పనిచేయవు. అంటే జబ్బు పెరుగుతుంది, జబ్బు గుర్తు మాత్రం కనపడదు. పొగ తాగనివాళ్లతో పోలిస్తే తాగేవాళ్లకి ఈ చిగుళ్ల జబ్బు వచ్చే అవకాశం కనీసం రెండింతలు అంటారు, ఎన్ని ఎక్కువ తాగితే అంత ఎక్కువ.

మా నాన్నగారికి ఒక్క పుచ్చు పన్ను లేదు, చెరకు గడ నోటితోనే చీల్చేవారు. యాభై దాటాక ముందు పళ్ల మధ్య సందు పడింది, నోటి వాసన ముందునుంచీ ఉంది గానీ అది సిగరెట్ వాసనే అనుకున్నాం అందరం. తర్వాత కింది దవడ పళ్లతో వేరుశనగలు నమలలేకపోతున్నానంటే బలవంతాన తీసుకెళ్లాను. డాక్టరమ్మ గీతలున్న సన్న కడ్డీ లాంటిది పన్నుకీ చిగురుకీ మధ్య పెట్టి కొలిచారు, బాగున్న చిగురులో అది 3 మిల్లీమీటర్ల లోపే దిగాలంట, ఆయనకి కొన్ని చోట్ల 7 దాకా దిగింది, అయినా రక్తం చుక్క కూడా కనిపించలేదు. ఎక్స్‌రేలో చూపిస్తే అర్థమైంది, పంటి చుట్టూ ఎముక సగానికి అరిగిపోయి ఉంది, ఏటిగట్టు కోసుకుపోయాక వేళ్లు బయటపడ్డ చెట్టులాగా. నొప్పి లేదు కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నాం, అసలు ఈ జబ్బు చాలామందికి నొప్పి లేకుండానే ముదురుతుందట. పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే.

క్లీనింగ్ చేస్తే పళ్లు కదులుతాయనేది మా ఇంట్లోనూ పెద్దవాళ్లు అన్నారు. నిజానికి అప్పటికే ఎముక పోయిన పళ్లని పాచి పేరుకుని గట్టిపడిన గారే అతుకు వేసినట్టు పట్టి ఉంచుతుంది, గార తీసేశాక అసలు కదలిక బయటపడుతుంది అంతే, క్లీనింగ్ దాన్ని కదిలించదు. గార ఉంచుకుంటే లోపల చిగురు ఇంకా దిగజారుతుంది. నాన్నగారికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిగురు లోపలిదాకా డీప్ క్లీనింగ్ కొన్ని సిట్టింగుల్లో చేశారు, నిలవని దవడ పళ్లు తీసేశారు. పన్ను తీసిన రోజు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది ఒకటే, కనీసం రెండు మూడు రోజులు పొగ ముట్టుకోవద్దని, ఆ గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే ఎముక బయటపడి భరించలేని నొప్పి వస్తుందట, సిగరెట్ తాగేవాళ్లకే అది ఎక్కువ. పోయిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్ పెట్టించుకున్నా పొగ మానకపోతే ఫెయిలయ్యే అవకాశం ఎక్కువే, లక్షలు పోసేముందు ఇది తెలుసుకోవాలి.

ఆ రెండు మూడు రోజులు సాగదీసి ఆయన మానేశారు. కదిలే పళ్లతో నికోటిన్ గమ్ నమలడం కష్టమని డాక్టర్ని అడిగి ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్‌లు వాడారు. ఇక్కడ ఒకటి ముందే తెలిసి ఉండటం మంచిది, మానిన కొన్ని వారాలకి బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది, చూశావా మానితేనే పాడైంది అని ఆయన మళ్లీ మొదలెట్టబోయారు. అది చిగుళ్లకి రక్తం మళ్లీ సరిగా అందుతున్నందుకు వచ్చేదని, ఇప్పుడు జబ్బు దాక్కోకుండా కనపడుతోందని డాక్టరమ్మ సర్దిచెప్పారు, క్లీనింగ్ కొనసాగించాక అదీ తగ్గింది. మూడు నెలలకోసారి చూపించుకుంటున్నారు, మిగిలిన పళ్లు నిలిచాయి.

ఇక బీడీ, చుట్ట. మాది శ్రీకాకుళం వైపు. అక్కడ పాతకాలం ఆడవాళ్లు చాలామంది చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగేవాళ్లు, అడ్డపొగ అంటాం, మా మామ్మ కూడా. ఆవిడ అంగిలి తెల్లగా గట్టిపడి మధ్యలో ఎర్ర చుక్కలతో ఉండేది, పళ్లు నల్లగా. 1971లో మా జిల్లా పల్లెల్లో పదివేల మందికి పైగా నోళ్లు పరీక్షించి అచ్చు వేసిన స్టడీ ఉంది, అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మార్పుల మీదే. అంగిలి క్యాన్సర్ మామూలుగా అరుదు, మా వైపు మాత్రం కాదు. నిప్పు బయటే ఉంచి తాగినా చుట్టలోనూ బీడీలోనూ ఉన్నది పొగాకే, చిగుళ్లకి వచ్చేసరికి నయమేమీ లేదు.

మీరు ఇప్పుడే ఒక డెంటిస్ట్‌కి చూపించుకోండి, మరకల క్లీనింగ్ అని మాత్రమే అడగకుండా చిగుళ్ల లోతు కొలిచి రాయమనండి, అవసరమైతే ఎక్స్‌రే కూడా. రోజుకి ఎన్ని తాగుతారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, దాన్నిబట్టే వైద్యం మారుతుంది. ప్రైవేట్‌లో ఖర్చు అనుకుంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ గవర్నమెంట్ డెంటల్ హాస్పిటల్స్ ఉన్నాయి. మానడానికి సాయం కావాలంటే సిగరెట్ ప్యాకెట్ మీదే ఉంటుంది 1800-11-2356, ఫ్రీ నంబరు. నోట్లో తెల్లటి, ఎర్రటి మచ్చగానీ పుండుగానీ రెండు వారాలైనా తగ్గకపోతే మాత్రం క్లీనింగ్ డేట్ దాకా ఆగకండి, అది వెంటనే చూపించాల్సిందే.