ఆమె ఇచ్చేసిన ఉత్తరం

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) భర్తను పోగొట్టుకున్న ఒక సైనికుడి భార్య గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే ముందు సంతోషించాను. నువ్వుండేది వాషింగ్టన్ దగ్గర. అలాంటి ఆడవాళ్ల పింఛను ఫైళ్లన్నీ ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి మెట్రో ఎక్కి వెళ్లొచ్చు. నాకే ఆ వీలుంటే ఈ వయసులో కూడా రోజూ పోయి కూర్చునేవాణ్ణి.

కథ సంగతి దాచకుండా చెబుతాను. పన్నెండు పేజీల్లో పదకొండున్నర పేజీలు ఆమె ఏడుస్తూనే ఉంది. చివరి అరపేజీలో "ప్రభుత్వం ఆమెకు నెలకు 8 డాలర్ల పింఛను మంజూరు చేసింది" అని ముగించావు. నువ్వు ఆపిన చోట అసలు కథ మొదలవుతుంది. భర్త పోయిన మనిషి ఏడుస్తుందని పాఠకుడికి తెలుసు. అలా ఏడుస్తున్న మనిషి దగ్గరికి ఒక కాగితం వచ్చి, నువ్వు అతని భార్యవేనని రుజువేమిటి, ఈ పిల్లలు అతని పిల్లలేనని ఎవరు చెబుతారు అని అడిగితే ఆమె ఎవరింటికి వెళుతుంది, ఎవరిని బతిమాలుతుంది, పెట్టె అడుగు నుంచి ఏం తీస్తుంది? అది నువ్వు చెబితేనే మాకు తెలుస్తుంది.

1862 జూలై 14న చేసిన చట్టం ప్రకారం మామూలు సిపాయి భార్యకు నెలకు 8 డాలర్లు. భర్త హోదాను బట్టి అది 30 డాలర్ల దాకా ఉండేది. ఈ 8 డాలర్లు ఎంతో పాఠకుడికి అందేలా చెప్పాలి. అప్పట్లో సిపాయి జీతం నెలకు 13 డాలర్లు. 1864లో దాన్ని 16 చేశారు. నల్లజాతి సిపాయికైతే 1864 దాకా 10 డాలర్లే, అందులోనూ బట్టల కింద 3 పట్టుకునేవారు. పదహారేళ్లలోపు బిడ్డ ఒక్కొక్కరికి 2 డాలర్లు కలిపింది 1866లో. ఈ లెక్కలన్నీ కథలో పెట్టమని కాదు, నీ తలలో ఉంటే చాలు. ఆమె కొట్లో పిండి కొనేటప్పుడు ఆ చెయ్యి ఎలా వెనకాడుతుందో నీకే తెలుస్తుంది.

నీ కథలో ఆమె దరఖాస్తు మీద వేలిముద్ర వేసింది. అక్కడ పెన్సిల్ ఆగింది. వేలిముద్ర మన అలవాటు. చదువు రాని అమెరికా ఆడవాళ్లు అప్పుడు ఇంటూ గుర్తు పెట్టేవారు, అది ఆమె పెట్టిందేనని పక్కన ఇద్దరు సాక్షులు సంతకం చేసేవారు. వేలిముద్రకీ పింఛనుకీ సంబంధం నిజంగా ఉంది, కానీ అది మన దేశంలోది. బెంగాల్లో హుగ్లీ జిల్లాలో విలియం హెర్షెల్ అనే అధికారి 1877లో ప్రభుత్వ పింఛనుదార్ల వేలిముద్రలు తీయించాడు. చనిపోయినవాళ్ల పేరు మీద వేరేవాళ్లు వచ్చి డబ్బు తీసుకుంటున్నారని ఆయన అనుమానం. ఇది ఇంకో కథకు పనికొస్తుంది, దాచుకో. ఈ కథలో మాత్రం ఇంటూ గుర్తే ఉండాలి. కలం పట్టడం అలవాటు లేని చెయ్యి రెండు గీతలు గీయడానికి ఎంతసేపు తీసుకుంటుందో రాయి.

ఇక రుజువుల సంగతి. ఇక్కడ తొందరపడకు. పెళ్లికి చర్చి రికార్డు ఉంటే సరే. లేకపోతే పెళ్లి చూసినవాళ్లు నోటరీ ముందో కోర్టులోనో ప్రమాణం చేసి చెప్పాలి. పిల్లల పుట్టుకకు చాలా ఊళ్లలో రిజిస్టర్లే లేవు. కాన్పు చేసిన మంత్రసాని వచ్చి, ఈ బిడ్డను ఫలానా రోజున నేనే బయటికి తీశానని చెప్పాలి. భర్త చనిపోయాడని, అది కూడా యుద్ధం వల్ల వచ్చిన గాయంతోనో రోగంతోనో పోయాడని తేలాలి. ఆ యుద్ధంలో తూటాల కంటే రోగాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి. ఇంటికి తిరిగొచ్చి ఐదేళ్లు దగ్గి దగ్గి చనిపోయిన మనిషి ఉంటాడు. ఆ దగ్గు గుడారంలో మొదలైందా, పొలంలోనా? అతనితో పాటు అదే గుడారంలో పడుకున్నవాణ్ణి ఆమె వెతికి పట్టుకోవాలి. అతను వేరే రాష్ట్రానికి వెళ్లిపోయి ఉంటాడు. జాబు రాయడానికి ఆమెకు చదువు రాదు.

పెళ్లికీ పిల్లల పుట్టుకకీ రుజువుగా చాలామంది ఆడవాళ్లు ఇంటి బైబిల్లోంచి పేజీలు చింపి పంపారు. పెళ్లిళ్లు, పుట్టుకలు, చావులు రాసుకునే పేజీలవి. కొందరు భర్త యుద్ధం నుంచి రాసిన ఉత్తరాలు పంపారు. "నా ప్రియమైన భార్యకు" అని అతని చేత్తో అతనే రాశాడు కదా, అంతకంటే రుజువేముంది? ఆ ఉత్తరాలు తిరిగి రాలేదు. ఫైల్లో కలిసిపోయాయి. ఈరోజు నువ్వు ఆర్కైవ్స్‌లో ఆ ఫైలు విప్పితే అవే ఉత్తరాలు, అవే మడతలు. చరిత్రకారులకు అవి నిధి. ఆమెకు మిగిలిందల్లా అదే, దాన్ని ఇచ్చేస్తేగానీ బియ్యం గింజ పుట్టలేదు. (బియ్యం గింజ అనేశాను, నువ్వు మొక్కజొన్న పిండి అని దిద్దుకో.)

ఇది చదువుతుంటే మా అమ్మ గుర్తొస్తుంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. నాన్నగారు ప్రాథమిక పాఠశాల టీచరు. పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కి పెట్టుకుంటే, ఆయన పేరు సర్వీసు రిజిస్టర్లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఉందని కాగితాలు వెనక్కి వచ్చాయి. పెళ్లికి రుజువు అడిగితే అమ్మ ట్రంకుపెట్టెలోంచి శుభలేఖ తీసింది. నలభై ఏళ్ల నాటిది, మూలల్లో పసుపు ఇంకా ఉంది. ఒక ఆఫీసులో నేనే ఇచ్చి వచ్చాను. జిరాక్స్ ఇస్తే సరిపోయేదేమో, ఆ టెన్షన్‌లో నాకు తోచలేదు. మళ్లీ దొరకలేదు. పెన్షన్ వచ్చింది. అమ్మ బతికున్నన్నాళ్లూ ఏటా నవంబరులో బతికున్నానని కాగితం ఇచ్చింది, డబ్బు తీసుకుంది, ఏనాడూ ఆ శుభలేఖ ఏమైందని నన్ను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే నీ కథలో ఆమెకు ఐదు ఉత్తరాలు ఉన్నాయనుకో. ఒకటి పంపాలి. ఏది పంపుతుంది? బాగా రాసినదా? పిల్లల పేర్లన్నీ ఉన్నందుకు ఆఫీసుకు బాగా పనికొచ్చేదా? చదువు రాదు కాబట్టి ఎవరితోనో చదివించుకుని ఎంచాలి, ఆ చదివేవాడి ముందు భర్త ముద్దు మాటలన్నీ వినాలి. ఆ ఒక్క సన్నివేశం రాస్తే పదకొండు పేజీల ఏడుపు అక్కర్లేదు.

నీ కథలో చనిపోయినవాడు తెల్లవాడు. అది నీ ఇష్టం. కానీ నల్లజాతి సైనికుల భార్యల ఫైళ్లు కూడా తప్పకుండా చదువు. బానిసత్వంలో వాళ్ల పెళ్లికి చట్టంలో విలువే లేదు, కాబట్టి కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? 1864లో ఒక చట్టం వచ్చింది. రెండేళ్లు భార్యాభర్తలుగా కలిసి బతికారని సాక్షులు చెబితే చాలంది. 1866లో ఆ రెండేళ్ల షరతు కూడా తీసేశారు. అయినా పేర్ల దగ్గర చిక్కు. బానిసగా యజమాని పేరు, సైన్యంలో ఇంకో పేరు, స్వేచ్ఛ వచ్చాక తండ్రి పేరు. ముగ్గురూ ఒక్కడేనని నిరూపించే భారం ఆమె మీద.

హ్యారియట్ టబ్‌మన్ పేరు నువ్వు విన్నావు కదా. తాను తప్పించుకుని, మళ్లీ మళ్లీ మెరీలాండ్ వెళ్లి ఎంతోమందిని బానిసత్వం నుంచి దాటించిన మనిషి. 1863 జూన్‌లో దక్షిణ కరొలైనాలో కంబాహీ నది మీద జరిగిన దాడిలో దారి చూపించింది. ఆ ఒక్క దాడిలోనే ఏడు వందల మందికి పైగా బయటపడ్డారు. సైన్యంలో గూఢచారిగా, నర్సుగా చేసిన పనికి తనకు 1,800 డాలర్లు రావాలని అడిగింది. రాలేదు. 1869లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో నెల్సన్ డేవిస్ అనే మాజీ సైనికుణ్ణి పెళ్లి చేసుకుంది. అతను 1888లో చనిపోయాడు. 1890లో కొత్త చట్టం వచ్చింది. సైన్యంలో కనీసం 90 రోజులు పనిచేసి గౌరవంగా విడుదలైనవాడైతే చాలు, చావుకు యుద్ధమే కారణమని చూపక్కర్లేదు, కష్టపడితే తప్ప పూట గడవని భార్యకు 8 డాలర్లు ఇస్తామంది. టబ్‌మన్ అదే ఏడాది దరఖాస్తు పెట్టింది. మంజూరైంది 1895లో.

ఆ ఐదేళ్లూ ఆమెను ఏమడిగారో చూడు. భర్త సైన్యంలో నెల్సన్ చార్లెస్ పేరుతో ఉన్నాడు. చార్లెస్, డేవిస్ ఒకరేనని చూపించాలి. మొదటి భర్త జాన్ టబ్‌మన్ 1867లోనే చనిపోయాడని, కాబట్టి 1869 పెళ్లి చెల్లుతుందని చూపించాలి. నది దాటించిన వందలమంది గురించి ఆ దరఖాస్తులో ఎవరూ అడగలేదు. 1899లో కాంగ్రెసు ఆమె పింఛన్ను 20 డాలర్లకు పెంచింది. 25 ఇవ్వాలని మొదట అడిగారు, బేరమాడి 20 చేశారు. ఆ చట్టంలో కూడా ఆమె పేరు పక్కన ఉన్నది "నెల్సన్ డేవిస్ వితంతువు" అనే. నాకు ఇది చదివినప్పుడల్లా బాధగా ఉంటుంది. నీ కథలో ఆమెను తేవద్దు, అంత పెద్ద మనిషి వస్తే నీ పేద ఇల్లాలు మూలకు పోతుంది. కానీ ఆమెకే ఇన్ని ప్రశ్నలు వేస్తే ఊరూ పేరూ లేనివాళ్లకు ఎన్ని వేశారో గుర్తుపెట్టుకుని రాయి.

ఇంకొక చోట కూడా మన ఊరు నీ కథలోకి వచ్చేసింది. ఆమె ఎదురొస్తే పక్కింటావిడ వెనక్కి తిరిగిపోయినట్టు రాశావు. అక్కడ వితంతువు ఎదురొస్తే అపశకునం అన్న మాట లేదమ్మా. బొట్టూ గాజులూ తీయించే తంతు లేదు. మళ్లీ పెళ్లి తప్పు కాదు. రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించడానికి ఎంత యుద్ధం చేశారో మనకు తెలుసు, అందుకే చెయ్యి అటు పోతుంది. అక్కడి చిక్కు వేరు. మళ్లీ పెళ్లి చేసుకుంటే పింఛను ఆగిపోతుంది. అందుకని కొందరు పెళ్లి చేసుకోకుండానే ఒక మగవాడితో కలిసి బతికారు. 1882లో ప్రభుత్వం, అలా బహిరంగంగా ఉన్నా పింఛను ఆపేస్తామని చట్టం చేసింది. ఇక ఆ పక్కింటావిడ ఎలా పనికొస్తుందో చూడు! ఆమె ఎదురొచ్చి వెనక్కి తిరగదు. పింఛను ఆఫీసు తరఫున విచారణ చేసే స్పెషల్ ఎగ్జామినర్ అనే ఉద్యోగి వాషింగ్టన్ నుంచి వచ్చిన కాగితాలతో ఆ పక్కింటావిడ వంటింట్లో కూర్చుని, రాత్రిపూట ఆ వితంతువు ఇంటికి ఎవరొస్తున్నారని అడుగుతాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాడు. ఆమె ఏం చెబుతుంది? నిరుడు అప్పు అడిగితే ఇవ్వలేదన్న కోపం ఉందా? పాపం పిల్లలున్నారన్న జాలి ఉందా?

ఆ ఎగ్జామినర్‌ని మాత్రం దుర్మార్గుణ్ణి చేయకు. దొంగ దరఖాస్తులు నిజంగానే వచ్చేవి, వాటిని పట్టుకోవడం అతని పని. పింఛను ఇప్పిస్తామని తిరిగే వకీళ్లు ఉండేవారు. వాళ్ల ఫీజు 10 డాలర్లు దాటకూడదని 1864 చట్టం గీత గీసింది. అంటే గీత గీయాల్సిన అవసరం పడింది. వాళ్ల గురించి ఒక పేరా చాలు, అంతకంటే వద్దు.

భాష గురించి ఒక్క మాట. వాంగ్మూలాల్లో ఆడవాళ్ల మాటలు గుమాస్తా చేతిలో పడి సగం ఆఫీసు భాష అయిపోయాయి. ఆ సగంలోంచి అప్పుడప్పుడు వాళ్ల గొంతు బయటికి వస్తుంది. పుట్టిన తేదీ తెలియక, పత్తి ఏరే రోజుల్లో పుట్టాడు అంటారు. మా నాయనమ్మ కూడా నేను పుట్టింది గోదావరి వరదొచ్చిన ఏడు అనేది. అలాంటి వాక్యాలు ఏరుకో, వాటిని తెలుగు చేయడం నీకు సులువు.

ఎప్పుడైనా ఖాళీ ఉంటే వాషింగ్టన్‌లో ఆ పింఛను ఆఫీసు నడిచిన పాత పెన్షన్ బిల్డింగ్ కూడా చూడు. 1887లో పూర్తయింది, ఇప్పుడు అందులో నేషనల్ బిల్డింగ్ మ్యూజియం ఉంది. బయట గోడ చుట్టూ 1,200 అడుగుల పొడవున మట్టి శిల్పాల్లో సైనికులు నడిచిపోతూ ఉంటారు. కింద నిలబడి ఒక చుట్టు తిరుగు. ఆ గోడ లోపలికి ఎన్ని బైబిలు పేజీలు వెళ్లి ఉంటాయో తలుచుకో.

పదకొండు పేజీలూ పక్కన పెట్టు, పారేయకు. పన్నెండో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టు. సంక్రాంతిలోపు పంపితే పండక్కి పిల్లలొచ్చే ముందు తీరిగ్గా చదువుతాను. మొత్తం కథ కాకపోయినా సరే. ఐదింటిలో ఆమె ఏ ఉత్తరం ఇచ్చేసిందో నీకు తేలిన రోజున, అదొక్కటీ నాకు రాసి పంపు.

మీ మాస్టారు