తలుపు ఎక్కడ మూసుకుంది?

తమ్ముడికి ఆశీస్సులు.

ఇంట్లో పెట్టుకున్న వెబ్ సర్వర్ మీదుగా, బయటి ఊరి నుంచి సొంత కంప్యూటర్‌ను తెరవడం గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇలాంటి విషయాలు తెలుగులో రాసేవాళ్లు తక్కువ కనుక ముందు సంతోషించాను. తర్వాత ఎర్ర కలం తీశాను.

దూరంలోని కంప్యూటర్ తెరను బ్రౌజర్‌లోనే చూపించే గ్వాకమోలే పెట్టుకునే పద్ధతి శుభ్రంగా చెప్పావు. చిక్కంతా ‘పని చేయకపోతే’ అనే భాగంలో ఉంది. రూటర్ ఆపి మళ్లీ వెయ్యండి, ఫైర్‌వాల్ చూడండి, మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి అంటూ పన్నెండు చిట్కాలు పేర్చావు. జ్వరమని వచ్చినవాడికి కొట్లో ఉన్న సీసాలన్నీ చేతిలో పెట్టినట్టుంది. నీ పాఠకుడు రాత్రి పదకొండు గంటలకు తెర ముందు కూర్చుని ఉంటాడు. అతనికి ఆ తెర మీద ఏం కనిపిస్తోందో అడిగి, అక్కడి నుంచి మొదలుపెట్టు.

పేజీకి బదులు 502 అనే లోపం వచ్చే సంగతే చూడు. ఆ అంకె కనపడగానే అందరూ బెంబేలెత్తిపోతారు. నిజానికి అది సగం శుభవార్త. డొమైన్ పేరు సరైన ఇంటికే తెచ్చింది, రూటర్ 443 పోర్ట్‌ను, అంటే వెబ్ రాకపోకల గుమ్మాన్ని, లోపలికి వదిలింది, ముందు నిలబడే వెబ్ సర్వర్ ఎన్జిన్‌ఎక్స్ పలికింది. వసారాలో ఉన్నవాడు పలికాడు, లోపలి గదిలోని వాడే పలకలేదన్నమాట. ఇక చూడవలసింది గ్వాకమోలే పేజీని నడిపే టామ్‌క్యాట్ 8080 పోర్ట్ మీద నడుస్తోందా లేదా అన్నదే. అలాంటప్పుడు రూటర్ జోలికి పొమ్మంటే ఆ రాత్రంతా వృథా.

లాగిన్ పేజీ వచ్చి, లోపలికి వెళ్లాక కనెక్షన్ తెగితే, చూడవలసిన చోటు ఇంకా లోపలికి జరిగింది. గ్వాకమోలే తరఫున ఆ కంప్యూటర్‌తో మాట్లాడే, 4822 పోర్ట్ మీద ఉండే గ్వాక్‌డీనో, విండోస్ వైపు రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ అయిన 3389నో చూడాలి. విండోస్ హోమ్ ఎడిషన్ బయటివారికి రిమోట్ డెస్క్‌టాప్ ఇవ్వదన్న మాట వ్యాసం పైనే ఉండాలి, నువ్వు అసలు రాయలేదు. డెస్క్‌టాప్ కనిపించి, మౌస్ కదిపితే తెర ఆగి ఆగి కదులుతుంటే, ఎన్జిన్‌ఎక్స్‌లో బఫరింగ్, అంటే సమాచారాన్ని పోగేసి పంపడం, ఆపలేదేమో, తెగకుండా రెండువైపులా మాట్లాడే వెబ్‌సాకెట్ కనెక్షన్‌కు కావలసిన అప్‌గ్రేడ్ హెడర్ పంపడం లేదేమో చూడమను.

ఇక ఏ పేజీ రాకుండా చక్రం తిరుగుతూనే ఉండటం. దీనికి నువ్వు ‘పోర్ట్ ఫార్వర్డింగ్ సరిచూసుకోండి’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. మన పాఠకులు మునిగేది ఇక్కడే. రూటర్ పేజీలో వ్యాన్ అడ్రస్, అంటే బయటి వైపు అడ్రస్, 100.72తో మొదలైందనుకో. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రస్‌లను 2012లో ఇప్పుడు చెప్పబోయే పంపకం కోసమే కేటాయించారు. ఐపీవీ4 అడ్రస్‌లు చాలక, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ ఒకే బయటి అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచుతుంది. అప్పుడు మన రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా వీధి గుమ్మం మన చేతిలో ఉండదు. మనకే కేటాయించిన, మారని బయటి అడ్రస్ (స్టాటిక్ ఐపీ) కొనుక్కోవాలి, లేదా బయట ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని ఇంటి నుంచి దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ దారి వేసుకోవాలి. కొత్త తరం అడ్రస్‌లైన ఐపీవీ6 అటూ ఇటూ ఉంటే అదొక మార్గం. దీనికి ఒక పేజీ ఖర్చుపెట్టు, పరవాలేదు.

పరీక్షించేటప్పుడు ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద చూడమని కూడా చెప్పు. కొన్ని రూటర్లు ఇంట్లోంచి సొంత బయటి అడ్రస్‌ను అడిగితే తిప్పి పంపవు. బయట బ్రహ్మాండంగా పనిచేస్తున్నా, ఇంట్లో కూర్చున్నవాడు చెడిపోయిందనుకుంటాడు.

‘ఏదీ కుదరకపోతే 3389ను నేరుగా బయటికి తెరవండి’ అన్న వాక్యం కొట్టేశాను. 2019లో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ సవరణ మందు పంపవలసి వచ్చింది. నీ మాట నమ్మి తలుపు తీసిపెట్టేవాడు ఒక్కడున్నా ఆ పాపం మనదే.

నా సంగతీ చెబుతాను, నవ్వుకో. ఒకసారి అమెరికాలో అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు లాగిన్ పేజీ వస్తోంది, ఆపైన కనెక్షన్ రావడం లేదు. మూడు రాత్రులు సర్వర్‌లో సెట్టింగులు తిరగరాశాను. చివరికి తాళం చెవి ఇచ్చి వచ్చిన పక్కింటాయనకు ఫోన్ చేస్తే, ఆయన వెళ్లి చూసి, ‘మీ కంప్యూటర్ నిద్రపోతోందండీ, మౌస్ కదిపాను, లేచింది’ అన్నారు. స్లీప్ ఆపి రావడం మరిచిపోయాను. తిరిగి వచ్చాక ఇదే విషయం మీద వ్యాసం రాస్తూ సిగ్గుపడి ఆ ముక్క దాచేశాను. నీ రెండో ప్రతిలో అది ఉండాలి. ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య