సెల్లార్‌లో ఊట నీరు: బాగుచేయించాల్సింది బిల్డరా, అసోసియేషనా?

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొని, 2022 ఆగస్టులో స్వాధీనం తీసుకున్నాము. ప్రాజెక్టు రెరాలో నమోదైనదే. 2023 నుంచి ప్రతి వానాకాలం సెల్లార్ గోడల్లోంచి నీరు ఊరుతోంది. వర్షాలు తగ్గిన తర్వాత కూడా చెమ్మ ఆరడం లేదు. లిఫ్టు గుంతలోనూ నీరు నిలుస్తోంది. భూగర్భజలం పెరిగితే తానేమీ చేయలేనని, ఒప్పందంలోని ఏడాది గ్యారంటీ ముగిసిందని, పనులన్నీ సంతృప్తికరమని స్వాధీన సమయంలో మేమే సంతకం చేశామని బిల్డరు అంటున్నారు. మరమ్మతుకు ఫ్లాటుకు రూ.25,000 కట్టమని అసోసియేషన్ అడుగుతోంది. కట్టాలా? నెలవారీ మెయింటెనెన్స్ ఆపేయవచ్చా?

జవాబు: రెరాగా పిలిచే స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016లోని 14వ సెక్షన్, 3వ ఉపసెక్షన్ మీ సమస్యకు నేరుగా వర్తిస్తుంది. దాని ప్రకారం, స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్లలోగా లోపాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, అదనపు సొమ్ము తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయడం ఆయన బాధ్యత; సరిచేయకపోతే కొనుగోలుదారులకు నష్టపరిహారం పొందే హక్కు వస్తుంది. ఇది పిల్లర్లు, బీముల వంటి నిర్మాణ లోపాలకే పరిమితమని చాలామంది బిల్డర్లు చెబుతుంటారు గాని, పనితనంలో, నాణ్యతలో, సేవల కల్పనలో ఉన్న లోపాలను కూడా ఆ సెక్షన్ స్పష్టంగా పేర్కొంటుంది. ఒప్పందంలో ఏడాది అని రాసుకున్నంత మాత్రాన చట్టమిచ్చిన ఐదేళ్లు తగ్గవు. సంతృప్తి పత్రం విషయమూ అంతే: వేసవిలోనో, పొడి వాతావరణంలోనో చూసి చేసిన సంతకం, అప్పటికి బయటపడని లోపాన్ని మీరు ఒప్పుకున్నట్లు కాదు.

ఇక భూగర్భజలం వాదన. నేల మట్టానికి దిగువన కట్టే ఏ సెల్లార్ చుట్టూ అయినా మట్టిలో నీరు చేరుతుంది, వానాకాలంలో ఆ నీటి ఒత్తిడి పెరుగుతుంది. ఆ సంగతి ముందే లెక్కలోకి తీసుకుని రిటైనింగ్ గోడలకు (చుట్టూ మట్టిని ఆపే గోడలకు) వాటర్‌ప్రూఫింగ్ చేయడం, గోడకూ అడుగు స్లాబుకూ మధ్య అతుకును నీరు దూరకుండా కట్టడం, పైపులు గోడను దాటే చోట్లను మూయడం, ర్యాంపు కింద జాలీ కాలువ పెట్టి నీటిని సంపులోకి మళ్లించడం కట్టేవారి పనిలో భాగమే. కాబట్టి నీరు ఎక్కడి నుంచి పుట్టిందన్నది కాదు, లోపలికి ఏ దారిన, ఎందుకు వస్తోందన్నదే మీ కేసులో అసలు ప్రశ్న. సంపులోని మోటారు కాలిపోయి, జాలీలో చెత్త పేరుకుని నీరు నిలిస్తే అది నిర్వహణ లోపం, ఆ ఖర్చు అసోసియేషన్‌దే. అతుకు వెంట, గోడ పగుళ్ల వెంట ఊరుతుంటే పనితనపు లోపమని చెప్పడానికి గట్టి ఆధారం ఉన్నట్లే.

ఆ తేడాను మీరో నేనో చెబితే చాలదు. అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజినీరు చేత పరీక్ష చేయించి, కారణాన్ని పేర్కొంటూ రాతపూర్వక నివేదిక తీసుకోండి. చాలా అసోసియేషన్లు ముందు రసాయనం పూయించి, ఆ తర్వాత న్యాయవాది దగ్గరకు వస్తాయి; అప్పటికి చూపించడానికి పగులే ఉండదు. తేదీలతో ఫొటోలు, వీడియోలు తీసి, ఆ ఫోనును భద్రపరచండి, ఎందుకంటే వాటిని సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం, అవి ఏ పరికరంలో తీసినవో తెలిపే ధ్రువీకరణ పత్రం జతచేయాలి. అయితే విద్యుత్ ప్యానెల్, లిఫ్టు గుంత దగ్గర నీరుంటే ఆధారాల కోసం ఎదురుచూడకూడదు; వాటిని వెంటనే సురక్షితం చేసి, ప్రతి బిల్లూ దాచి, ఆ ఖర్చును తర్వాత పరిహారంలో కోరవచ్చు.

ఇప్పటివరకు మీరు నోటిమాటగానే అడిగి ఉంటే, ఆ ఐదేళ్ల గడువు 2027 ఆగస్టులో ముగిసేలోపు, అసోసియేషన్ తరఫునా, మీ సొంత పేరునా, ఇంజినీరు నివేదిక జతచేసి రసీదు వచ్చే పద్ధతిలో నోటీసు పంపండి. ఉమ్మడి భాగాలను అసోసియేషన్‌కు అప్పగించిన తేదీ వేరుగా ఉంటే దాని నుంచి లెక్కించాలని వాదించే వీలుంది గాని, దాని మీద ఆధారపడవద్దని నా సలహా. నోటీసు అందిన 30 రోజుల్లో పని జరగకపోతే, రెరా చట్టం 31వ సెక్షన్ కింద, దాన్ని అమలుచేసే తెలంగాణ రెరా అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఆ హక్కు అసోసియేషన్‌కు కూడా ఉంది. మరమ్మతు చేయించమని అథారిటీని కోరాలి, పరిహారాన్ని 71వ సెక్షన్ కింద అడ్జుడికేటింగ్ ఆఫీసరు (పరిహారం తేల్చేందుకు నియమితులైన అధికారి) నిర్ణయిస్తారు. బిల్డరు అప్పీలుకు వెళ్లాలంటే తనపై పడిన సొమ్మును 43వ సెక్షన్ మేరకు ముందుగా జమచేయాలి, కాబట్టి అప్పీలు పేరుతో సాగదీయడం అంత సులువు కాదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడమూ సాధ్యమే. రెరా ఉన్నంత మాత్రాన ఆ దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో చెప్పింది. కాని అక్కడ ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. మీకు 2023లోనే నీరు కనిపించింది గనుక, ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయాల్సి రావచ్చు. మీ పరిస్థితిలో రెరాయే మేలైన దారి.

రూ.25,000 విషయానికి వస్తే, మీరు కట్టినంత మాత్రాన బిల్డరు బాధ్యత తీరిపోదు. సర్వసభ్య సమావేశంలో, ఈ వసూలు బిల్డరు నుంచి రాబట్టుకునే హక్కుకు భంగం కలగకుండా చేస్తున్నదని తీర్మానం రాయించి, మీ రసీదు మీద కూడా ఆ మాట ఉండేలా చూసుకుని కట్టండి. నెలవారీ మెయింటెనెన్స్ మాత్రం ఆపవద్దు. ఆ సొమ్ము కరెంటుకు, వాచ్‌మన్ జీతానికి, ఆ సెల్లార్‌లోని నీరు తోడే మోటారుకే పోతుంది. ఆపితే మీ మీద వేరే వివాదం మొదలవుతుంది, బిల్డరుకు చూపించుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది.